మూడో గిన్నె

పోయిన వారం దిగులమ్మను వేలం షెడ్డు గుమ్మంలో వదిలేశాం. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. లోపలికి వెళ్తే ఏమవుతుందోనని భయం, వెళ్లకపోతే నలుగురూ ఏమంటారోనని భయం. ఈ వారమే మనతో కలిసినవాళ్ల కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పుకుని, ఆమెను లోపలికి పంపిద్దాం.

చెరువు అడుగున పోయే ఆయిలు పైపు దక్షిణపు ఒడ్డు దగ్గర పగిలింది. తెల్లవారేసరికి నీళ్ల మీద నల్లటి జిడ్డు పరుచుకుంది. ఎవరూ వల వెయ్యకూడదని చెరువు మూసేశారు. పడవలన్నీ ఒడ్డున బోర్లా పడుకున్నాయి. కంపెనీవాళ్లు వచ్చి, జిడ్డు పాకకుండా నారింజరంగు తేలుడు కట్టలు నీళ్లకు అడ్డంగా కట్టారు, పంపులతో తోడారు, పైపుకు అతుకు వేసి మళ్లీ ఆయిలు వదిలారు. తర్వాత నీళ్లనూ చేపలనూ డబ్బాల్లో పట్టుకుపోయి యంత్రాల మీద పరీక్షలు చేశారు. అన్నిట్లోనూ చెరువు గట్టెక్కింది. ఇక మిగిలింది మనిషి ముక్కు ఒక్కటే. అయిదుగురు మనుషులు ఉడికిన చేపను వాసన చూసి, నోట్లో పెట్టుకుని, ఆయిలు వాసన లేదంటే చెరువు తెరుస్తారు. ఉందంటే మళ్లీ మూతే.

ఆ అయిదుగురిలో ఒకరు షెడ్డులో చేపలు ఏరే ఆడమనిషి అయ్యుండాలన్నారు. పొగాకు, వక్కపొడి, ముక్కుపొడి, ఏ అలవాటూ ఉండకూడదన్నారు. దిగులుపడటం తప్ప వేరే అలవాటు లేని మనిషి షెడ్డు మొత్తం వెతికితే ఒక్కతే దొరికింది.

దిగులమ్మ అన్న పేరు ఆమెకు ఎవరు పెట్టారో గానీ అతికినట్టు సరిపోయింది. మబ్బు పడితే పడవ మునుగుతుందంటుంది, ఎండ కాస్తే చేప మురుగుతుందంటుంది. ఫోను మోగితే ముందు గోడకు చేరబడి ఆ తర్వాత తీస్తుంది. ఆమె భర్త గాలివానలో పడవ తిరగబడి పోయాడు. అప్పటినుంచి ఏ కాస్త గాలి వీచినా కొడుకు ఇల్లు చేరేదాకా గుమ్మంలోంచి లేవదు. అలాంటి మనిషిని తీసుకొచ్చి చెరువు భవిష్యత్తు వాసన చూసి చెప్పమన్నారు.

"అమ్మాయ్, గుమ్మానికి కాపలా ఉంటావా, లోపలికొస్తావా?" అని బావగారు పిలిచాడు.

బావగారంటే ఆమె భర్తకు అన్న, చెరువు సంఘానికి పెద్ద. తమ్ముడు పోయాక ఈ ఇంటికి కూడా ఆయనే పెద్ద. మాట గట్టిగా ఉంటుంది, మనసు మాత్రం అంత గట్టిది కాదని ఇంట్లోవాళ్లకు తెలుసు. దిగులమ్మ రెండో కాలు కూడా లోపల పెట్టింది.

షెడ్డును వేడినీళ్లతో కడిగారు. సబ్బు వాడలేదు, ఫ్యాన్లు ఆపేశారు. చేపల వాసన లేని వేలం షెడ్డును ఆమె తన జన్మలో చూడలేదు. చెరువు లేని రోజులు వస్తే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుని, అలా అనుకున్నందుకు నాలుక కరుచుకుంది. చేపలు ఏరే పొడుగాటి బల్ల మీద అట్టలు నిలబెట్టి అయిదు అరలు చేశారు, ఒకరి మొహం ఒకరికి కనబడకుండా. ఒక్కో అర ముందు ఒక స్టూలు, అరలో మూతలున్న అయిదు గాజుగిన్నెలు, ప్రతి మూత మీదా ఒక అంకె.

మొదటి అరలో బావగారు, రెండో అరలో ఐసు వ్యాపారి. తర్వాత హోటలు వంటమనిషి, బడి పంతులమ్మ కూర్చున్నారు. చివరి అర దిగులమ్మది.

"మేడం, పొద్దున్నుంచి ఒక్క సిగరెట్టు కూడా ముట్టలేదు. ఇంకాస్త ఆలస్యం చేస్తే ఆయిలు వాసనైనా పర్వాలేదు, ఏదో ఒకటి పీల్చనివ్వండని నేనే అడుగుతాను" అన్నాడు ఐసు వ్యాపారి.

"నీ ముక్కును పరీక్షకు పిలవడమే ఒక పరీక్ష" అంది పంతులమ్మ, అట్ట అవతలినుంచి.

పరీక్ష జరిపే ల్యాబు మేడం నవ్వలేదు. చిన్న వయసు పిల్ల. తెల్లకోటు, జుట్టు మీద బిగించిన టోపీ. నవ్వొచ్చినా ముందు పైవాళ్ల అనుమతి తీసుకునేటట్టు ఉంది.

"మూత కొంచెం తియ్యండి, ఒక్కసారి పీల్చండి, మూసెయ్యండి" అని చెప్పింది. "తర్వాత చెంచాతో కొంచెం నోట్లో పెట్టుకుని, నమిలి, ఊసెయ్యండి. గిన్నెకూ గిన్నెకూ మధ్య మీ మోచేతి మడతను వాసన చూసుకోండి. ఎవరి ఒంటి వాసన వాళ్ల ముక్కుకు అలవాటే కాబట్టి, ముక్కు మళ్లీ మొదటికొస్తుంది. ఈ అయిదింట్లో ఒకటి మీ చెరువుది కాదు. కొండవతల చెరువు నుంచి తెప్పించాం. దానికి ఆయిలు సంగతే తెలియదు. మిగతావాటిని దానితో పోల్చి చూస్తాం. అది ఏ గిన్నెలో ఉందో ఇప్పుడు నాకు కూడా తెలియదు."

కొండవతల చెరువు నుంచి ఆ చేప తెచ్చింది దిగులమ్మ కొడుకే. మోటారుసైకిలు వెనకాల ఐసుపెట్టె కట్టుకుని వెళ్లి తెచ్చాడు. సంఘం తరఫున బావగారే పంపించాడు. ఆ మాట విన్నప్పుడు ఆమె స్టూలు మీద కాస్త సర్దుకుని కూర్చుంది. మా వాడు తెచ్చిందే అసలైన చేపన్నమాట, అనుకుంది.

"అమ్మాయ్" అన్నాడు బావగారు అట్టల మీదుగా. "ఉన్న వాసన చూడు. లేనిది చూడకు."

"మాట్లాడకూడదండీ" అంది ల్యాబు మేడం.

దిగులమ్మ మొదటి గిన్నె మూత తీసింది. ఉప్పూ కారం లేకుండా ఆవిరి మీద ఉడికిన చేప. చప్పటి చేప వాసన, అంతే. నోట్లో పెట్టుకోబోతూ ఒక్క క్షణం ఆగింది. చెరువు మూసిన రోజునుంచి చేప ముక్క నోట పెట్టింది లేదు. అయినా నమిలి, ఊసేసి, లేదంది. రెండోది కూడా అంతే. మోచేతి మడతలో మొహం దాచుకున్నట్టు పెట్టి, తన చెమట వాసన తానే చూసుకుంది. ఇంతమందిలో ఇదేం పనిరా దేవుడా అనిపించింది.

మూడో గిన్నె మూత తీసింది.

వెంటనే ఏమీ తెలియలేదు. మూత మూసేశాక తెలిసింది. చేప వాసన వెళ్లిపోయాక వెనకాల ఇంకేదో మిగిలింది, వచ్చినవాళ్లందరూ వెళ్లిపోయినా ఒకడు మాత్రం అరుగు మీద కూర్చున్నట్టు. ఎండలో మరిచిపోయిన రబ్బరు చెప్పుల్లాంటి వాసన. నోట్లో పెట్టుకుంటే అది అంగిట్లోకి వెళ్లి అక్కడ అతుక్కుంది. ఊసేసినా పోలేదు.

అయినా ఆమెకు తన ముక్కు మీద నమ్మకం లేదు. ఉండాల్సిన పనీ లేదు. పైపు పగిలిన దగ్గర్నుంచి ఆమెకు ఎక్కడ పడితే అక్కడ ఆయిలు వాసనే. పాలల్లో వచ్చింది. దిండు గలీబులో వచ్చింది. కోడలు తలంటుకుని వస్తే ఆ జుట్టులో కూడా వచ్చింది. కోడలు ఆ సీసా తెచ్చి ముక్కు కింద పెట్టి, "ఇది కూడా ఆయిలే అత్తయ్యా, కాకపోతే కొబ్బరిది" అని నవ్వింది. ఇప్పుడిది నిజంగా గిన్నెలో ఉందా, తన బుర్రలో ఉందా? బుర్రలో ఉన్నదాన్ని పైకి అంటే ఇన్ని పడవలు ఒడ్డునే ఉండిపోతాయి. గిన్నెలో ఉన్నదాన్ని మింగేస్తే రేపు ఊళ్లో ప్రతి కంచంలోకీ అదే వెళ్తుంది.

మోచేతిని వాసన చూసింది. మళ్లీ మూత తీసింది. మళ్లీ మోచెయ్యి. పక్క అరల్లోవాళ్లంతా అయిదో గిన్నెకు వెళ్లిపోయారు. ల్యాబు మేడం వచ్చి ఆమె పక్కన నిలబడి, తొందరపెట్టకుండా ఎదురుచూసింది.

"మూడోదాంట్లో ఉందమ్మా" అంది దిగులమ్మ చిన్నగా. "ఎక్కువ కాదు. కానీ ఉంది."

మేడం మొహంలో ఏ మార్పూ లేదు. తల ఊపి ముందుకు వెళ్లింది.

అందరిదీ అయ్యాక మేడం లోపలి గదిలోకి వెళ్లి, అంకెలు వేసిన సహాయకుడితో మాట్లాడి వచ్చింది. బల్ల చివర నిలబడి చెప్పింది. నలుగురు అన్ని గిన్నెలూ ఒకేలా ఉన్నాయన్నారు. ఒక్కరు మాత్రం మూడో గిన్నెలో వాసన ఉందన్నారు.

బావగారు లేచి నిలబడ్డాడు. ఎవరన్నారో అడగకుండానే అందరి చూపులూ చివరి అర వైపు తిరిగాయి.

"మూడో గిన్నెలో ఉన్నది కొండవతల చెరువు చేప" అంది మేడం.

ముందు ఐసు వ్యాపారి నవ్వాడు. తర్వాత వంటమనిషి. చివరికి పంతులమ్మ కూడా పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఉన్న చెరువుకు భయపడటం అయిపోయింది, ఇక పక్క చెరువుకు కూడా భయపడుతోంది మా వదిన" అన్నాడు ఐసు వ్యాపారి.

"అమ్మా, మీ తప్పేం లేదు" అంది మేడం నెమ్మదిగా. "చాలామందికి ఇలా అవుతుంది. భయం ఉంటే ముక్కు కూడా భయపడుతుంది. కానీ మంచి చేపలో వాసన ఉందన్నవాళ్ల మాట లెక్కలోకి తీసుకోకూడదని మా నిబంధన. మీది పక్కన పెడుతున్నాను. మిగతా నలుగురి మాట ప్రకారం తేడా లేదు. రేపు పొద్దున్నే చెరువు తెరవచ్చు. సాయంత్రంలోగా కాగితం మీద సంతకం పెట్టి ఇస్తాను."

సంఘం పెద్ద కళ్లు తుడుచుకోవడం ఎవరూ చూడకూడదు కాబట్టి, బావగారు కిటికీ వైపు తిరిగి అక్కడ లేని పురుగును ఒకదాన్ని తోలాడు.

దిగులమ్మ ఏడుస్తుందనుకున్నారు అందరూ. ఆమెకు ఏడుపు రాలేదు. తనకు తప్పుడు ముక్కు ఉందని నలుగురిలో తేలిపోయింది, అయినా ఛాతీ మీంచి బండ తీసినట్టయింది. అంటే పాలల్లో లేదు. దిండులో లేదు. చెరువులో కూడా లేదు. ఇన్నాళ్లూ ఉన్నదంతా తన బుర్రలోనే. బుర్రలో ఉంటే ఎవరికి నష్టం? తన భయం తప్పని ఇంత గట్టిగా, చదువుకున్న పిల్ల నోటివెంట, ఇంతమంది ముందు రుజువు కావడం ఆమె జీవితంలో మొదటిసారి. వీధిలో నడుస్తుంటే కాళ్లు తేలిగ్గా పడ్డాయి. ఎదురొచ్చిన మనిషికల్లా తానే చెప్పింది, "నా ముక్కు పనికిరాదంట, రేపు చెరువు తెరుస్తున్నారు" అని.

ఇంటి వెనక అరుగు మీద కొడుకు కూర్చుని వల అంచుకు సీసం గుండ్లు కడుతున్నాడు. చెరువు తెరుస్తారన్న కబురు అప్పటికే చేరినట్టుంది, ఈల వేస్తున్నాడు. నెలలు నిండుతున్న కోడలు పక్కనే పీట మీద కూర్చుని దారం ముక్కలు కోసి ఇస్తోంది.

"ఏంటత్తయ్యా, నవ్వుతూ వస్తున్నారు? నాకు భయమేస్తోంది" అంది కోడలు.

దిగులమ్మ చెంబెడు నీళ్లు తాగి, కొంగుతో మొహం తుడుచుకుని, జరిగిందంతా నటించి మరీ చెప్పింది. ఐసు వ్యాపారి సిగరెట్టు గోల చెప్పింది. మోచేతిలో మొహం పెట్టుకోవడం చూపించింది. మేడం బల్ల చివర ఎలా నిలబడిందో నిలబడి చూపించి, "మూడో గిన్నెలో ఉన్నది కొండవతల చెరువు చేప" అని ఆ గొంతుతోనే అంది.

కోడలు పడీపడీ నవ్వింది. కొడుకు నవ్వలేదు. ఈల ఎప్పుడో ఆగిపోయింది.

"ఏ గిన్నె?" అన్నాడు.

"మూడోది. నువ్వు తెచ్చిందేరా. నీ చేపకే వంకపెట్టాను, ఏమనుకోకు."

"వాసన నిజంగా వచ్చిందా?"

"వచ్చిందనుకున్నాను. లేదన్నారుగా."

"వాళ్లు లేదనడం కాదమ్మా. నీకు వచ్చిందా లేదా?"

కొడుకు అలా అడిగేసరికి దిగులమ్మ నవ్వు ఆపేసింది. ఆ గొంతు ఆమెకు తెలుసు. చిన్నప్పుడు చెంబు సొట్టపోయినా, పంతులు కొట్టినా ఇలాగే ముందు తిరుగు ప్రశ్న వేసేవాడు.

"ఏం చేశావురా?" అంది.

వాడు చేతిలోని గుండును కింద పెట్టాడు. "నేనేం దొంగతనం చెయ్యలేదు."

"చేశావని నేననలేదు. ఏం చేశావని అడిగాను."

"కొండవతలికి వెళ్లాను. నిజంగా వెళ్లాను. వాళ్ల నీళ్లల్లో నేను వల వెయ్యకూడదు కదా. వాళ్లు మన నీళ్లల్లో వెయ్యరు, మనం వాళ్ల నీళ్లల్లో వెయ్యం. తాతల కాలంనుంచీ అంతే. ఎవడైనా వేస్తే వల కోసేస్తారు. అందుకని నాలుగు చేపలు అమ్మండని అడిగాను. అమ్మం పొమ్మన్నారు."

"ఎందుకు అమ్మరు? రోజూ అమ్మేవాళ్లేగా?"

"పరీక్షకని చెప్పానమ్మా. నిజమే చెప్పాను. దాంతో చెడింది. మా చేపను మీ ఆయిలు చేప పక్కన బల్ల మీద పెడతారా, రేపు కొనేవాళ్లు మా చెరువును కూడా అనుమానిస్తే ఎవరు జవాబు చెప్తారు, అన్నారు. ఒక పెద్దాయనైతే నా ఐసుపెట్టె తీసుకెళ్లి బండి మీద ఆయనే పెట్టేశాడు."

కోడలు దారం కోయడం ఆపేసింది.

"ఖాళీ పెట్టెతో పెదనాన్న దగ్గరికి ఎలా వెళ్లను? అందరూ పరీక్ష కోసం కాచుకుని ఉన్నారు. మంచి చేప కావాలన్నారు. మన ఉత్తరపు ఒడ్డున జమ్ముగడ్డి మూలలో ఉన్నంత మంచి నీళ్లు ఎక్కడున్నాయి? అక్కడికి జిడ్డు రాలేదని కంపెనీవాళ్లే అన్నారు. చుట్టూ కట్టలు కట్టారు, నేను కూడా చూశాను, నీళ్లు అద్దంలా ఉన్నాయి. పడవ నెట్టుకుని వెళ్లి ఒక్క వల వేశాను. మంచి చేప అడిగారు, మంచి చేపే తెచ్చాను. ఏ చెరువుదైతే ఏంటి అనుకున్నాను."

దిగులమ్మ అరుగు మీద కూలబడింది. ఆమె చదివింది అయిదో తరగతి. లెక్కలు ఆమెకు ఎప్పుడూ పడలేదు. కానీ ఈ లెక్క మాత్రం నెమ్మదిగా, ఒక్కో మెట్టూ దిగి వచ్చినట్టు ఆమె ముందుకొచ్చి నిలబడింది. అయిదు గిన్నెలూ ఈ చెరువువే. చెరువును చెరువుతోనే పోల్చారు. తేడా ఎందుకు కనబడుతుంది? నలుగురు తేడా లేదన్నారు. లేకపోవడం నిజమే. ఆ మాటకు అర్థమే లేదు.

అంతకంటే కింద ఇంకో మెట్టు ఉంది.

"జిడ్డు రాని మూలలో చేపకు వాసన ఎక్కడిదిరా?" అంది.

కొడుకు కింద పెట్టిన గుండును మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

చెరువులో చేపలన్నీ గుడ్లు పెట్టేది జమ్ము మూలలోనే. అక్కడ పిల్లలు ఎదిగి పెద్ద నీళ్లలోకి వస్తేనే మరుసటేడు వలల్లో ఏమైనా పడేది. రేపు చెరువు తెరిస్తే మొదట పడవలన్నీ వెళ్లేదీ అటే, జిడ్డు ముట్టని చేప అక్కడే ఉందని అందరూ అనుకుంటున్నారు కాబట్టి.

"మిగిలిన చేపలేం చేశావు?" అంది హఠాత్తుగా. కోడలి కడుపు వైపు చూస్తూ అంది.

"ఇంటికి తేలేదమ్మా. నీకు చేపంటే పడటంలేదని అన్నీ పెట్టెలోనే ఇచ్చేశాను. ఒట్టు."

ఆమె గట్టిగా ఊపిరి వదిలి లేచి, చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు వాడు.

"షెడ్డుకు. ఆ పిల్ల సంతకం పెట్టకముందే చెప్పాలి."

"అమ్మా, కూర్చో. మూసిన చెరువులో వల వేసినవాడికి పడవ పర్మిటు తీసేస్తారు. పైగా పరీక్షకు దొంగచేప ఇచ్చానంటారు. పర్మిటు పోతే నేనేం చెయ్యాలి? ఐసు మొయ్యాలా?"

"తెలుసు."

"ఊరు కూడా ఊరుకోదు. తెరుచుకున్న చెరువును దిగులమ్మ మళ్లీ మూయించిందంటారు. నీ మాట తీసేశారని పంతం పట్టి చేసిందంటారు."

"అది కూడా తెలుసు. దార్లో ఇంకా చాలా తెలుస్తాయి నాకు. తెలియడమే కదా నా పని" అంది ఆమె. "నీకు పర్మిటు పోతుందని నాకు భయమే. పోకపోతే ఇంకా భయం. రేపు నువ్వే పట్టి, నువ్వే అమ్మి, ఎవడి పిల్లో తిని మంచాన పడితే, ఆ తర్వాత నేను గుమ్మంలో కూర్చుని ఎవరికోసం భయపడాలి?"

వాడు తల వంచుకున్నాడు. కోడలు లేవలేక లేవలేక పీట మీంచి లేచి, మొగుడి చొక్కా తీసి వాడి ఒళ్లో పడేసింది.

"అత్తయ్య ఒక్కతే వెళ్తుందా?" అంది.

వాడు చొక్కా తొడుక్కుని తల్లి వెనకాలే నడిచాడు. దారి పొడుగునా పడవలకు రంగులు వేస్తున్నారు. ఎవరో మోటారు ఇంజను విప్పి శుభ్రం చేస్తున్నారు. "దిగులమ్మా, ఈ ఇంజను వాసన చూసి చెప్పవే, ఆయిలు ఉందో లేదో" అని కేకేశారు. ఆమె తల ఊపింది గానీ ఆగలేదు.

షెడ్డు గుమ్మంలో బావగారు నిలబడి ఉన్నాడు. లోపల ల్యాబు మేడం బల్ల దగ్గర సామాను సర్దుకుంటోంది. చెరువు పటం ఒకటి ఇంకా బల్ల మీద పరిచే ఉంది.

"మళ్లీ ఏం వాసనొచ్చింది?" అన్నాడు బావగారు. వెక్కిరింపే గానీ అందులో విషం లేదు. ఆ రోజు ఆయన ఎవరినైనా క్షమించేటట్టు ఉన్నాడు.

దిగులమ్మ గుమ్మం కిందే నిలబడి చెప్పేసింది. ముందూ వెనకా ఏమీ చెప్పలేదు. "బావగారూ, మూడో గిన్నె చేప కొండవతలిది కాదు. మనదే. వీడు జమ్ము మూలలో పట్టాడు."

బావగారి మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, దాని వెనక మనిషి మాత్రం లేడు. కొడుకు వైపు చూశాడు. కొడుకు కళ్లెత్తలేదు. ఆమె దెబ్బకు సిద్ధపడింది. ఆయన ఇంటి పెద్ద, చెయ్యెత్తినా ఎత్తొచ్చు. ఊరంతా ఈయన మాట మీద పడవలకు రంగులు వేసుకుంటోంది.

"ఏ మూల?" అన్నాడు ఆయన.

"జమ్ము మూల."

"జమ్ము మూలేనా? ఇవతలి ఒడ్డా, లోపలా?"

"లోపలే పెదనాన్నా" అన్నాడు కొడుకు. "ఎండుచెట్టు మోడు ఉంటుంది కదా, దాని దగ్గర."

బావగారు ఇంకేమీ అడగలేదు. తిట్టలేదు. చెయ్యెత్తలేదు. గుమ్మానికి అడ్డంగా ఉన్నవాడు ఒక పక్కకు జరిగాడు. మాట్లాడలేనంత కోపం వచ్చిందనుకుంది దిగులమ్మ. అలాంటి కోపం చాలాకాలం ఉంటుందని కూడా అనుకుంది. కొడుకు చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.

ల్యాబు మేడం మొత్తం విన్నది. ఒక్కసారి కూడా మధ్యలో అడ్డుకోలేదు. విన్నాక టోపీ తీసి బల్ల మీద పెట్టింది. జుట్టు చెదిరేసరికి మరీ చిన్నపిల్లలా కనబడింది.

"అయితే ఈ పరీక్ష చెల్లదు" అంది. "చేపను నా మనిషితో తెప్పించుకోకుండా మీ సంఘానికి వదిలెయ్యడం నా తప్పు. అది నేను ఒప్పుకుంటాను. రేపు చెరువు తెరవడం ఆగిపోతుంది. మీ అబ్బాయి పేరు కూడా రాయక తప్పదమ్మా. నేను దాచలేను."

"రాయండి" అన్నాడు కొడుకు.

దిగులమ్మ కళ్లు మూసుకుంది. ఏది జరగకూడదని భయపడిందో అది జరిగింది. చిత్రంగా, షెడ్డు కప్పు ఊడి మీద పడలేదు. ఊరివాళ్ల ఇంజను చప్పుడు అలాగే వినబడుతోంది.

"మీకు వాసన నిజంగానే వచ్చింది. మీ మాట మళ్లీ లెక్కలోకి తీసుకుంటున్నాను" అంది మేడం. తర్వాత ఆమె చూపు పటం మీద ఆగిపోయింది. వేలితో ఎర్రగీత వెంట నడిచింది. "కానీ ఇది కుదరదే. పైపు ఇదిగో, దక్షిణపు ఒడ్డునుంచి ఇలా అడ్డంగా వెళ్లిపోతుంది. జమ్ము ఉన్నది ఉత్తరాన, ఈ చివర. మధ్యలో కట్టలున్నాయి. పైనుంచి ఆయిలు అటు వెళ్లే దారి లేదు. ఆ వైపు అడుగున పైపూ లేదు. మరి అక్కడి చేపకు వాసన ఎలా పట్టింది?"

కొడుకు తల్లి వైపు చూశాడు. తల్లి పటం మీదికి వంగి చూసింది.

జవాబు గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. బావగారు లోపలికి రాలేదు. అక్కడే ద్వారబంధానికి చెయ్యి ఆనించి, పటం వైపు కాకుండా చెరువు వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు.

"ఉంది తల్లీ" అన్నాడు. "అక్కడా పైపు ఉంది. మీ పటంలోనే లేదు."